పలచన చేస్తే కనబడింది

ఆ ఆస్పత్రిలో రక్తం తీసే ఆవిణ్ణి అందరూ సూదక్క అనేవాళ్ళు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆవిడే ఒక క్షణం ఆలోచించుకుని పలికేది. పద్దెనిమిదేళ్ళుగా అదే ల్యాబు, అదే కిటికీ, ఒక కాలు కాస్త పొట్టిగా ఉండి ఊగే అదే స్టూలు. చంటిపిల్లల నరం కూడా ఒక్క పోటుకే దొరికించుకునే చెయ్యి ఆవిడది. పక్క బల్ల దగ్గర ఎవరూ లేకపోయినా గర్భిణీలు ఈవిడ వరసలోనే నిలబడేవాళ్ళు.

మంగళవారం గర్భిణీల రోజు. ఆ మంగళవారం నలభై ముగ్గురు వచ్చారు. ఒక్కొక్కరి రక్తానికీ అయిదు పరీక్షలు. అందులో ఒకటి సిఫిలిస్‌ది. తల్లికి ఆ జబ్బు ఉంటే కడుపులో బిడ్డకు పాకుతుంది. బిడ్డ లోపలే పోవచ్చు, పుట్టినా చూపో వినికిడో లేకుండా పుట్టవచ్చు. ముందే తెలిస్తే మాత్రం ఇంజెక్షన్‌తో నయమైపోతుంది. తెలియాలి, అంతే.

తెలుసుకునే పద్ధతి చూడటానికి పిల్లలాటలా ఉంటుంది. తెల్లటి అట్ట, దాని మీద గుండ్రటి వలయాలు. ఒక్కో వలయంలో ఒక్కొక్కరి రక్తంలోంచి తీసిన పసుపు నీరు ఒక చుక్క, దాని మీద నల్లటి మందు ఒక చుక్క. ఎనిమిది నిమిషాలు యంత్రం ఆ అట్టను మెల్లగా తిప్పుతుంది. జబ్బు ఉంటే నల్ల రేణువులు గుంపులు కడతాయి. లేకపోతే బూడిదరంగులో నున్నగా పరుచుకుంటాయి. ఇన్నేళ్ళలో సూదక్క చూసిన వలయాలు నూటికి తొంభైతొమ్మిది నున్నగానే ఉండేవి.

ఇరవై ఏడో వలయం దగ్గర ఆవిడ చూపు ఒక్కసారి ఆగింది. గుంపులైతే లేవు. అలాగని నున్నగానూ లేదు. బాగా వాడేసిన ఉప్పుకాగితంలా ఏదో కొంచెం గరుకు. అట్టను వెలుతురుకు వంచి చూసింది. మందు సీసా సరిగ్గా కుదపలేదేమో అనుకుంది. అప్పుడే ఆపరేషన్ గది నుంచి ఎవరో పరుగున వచ్చి, "అక్కా, బ్లడ్ గ్రూపు, అర్జెంటు!" అని అరిచారు. ఆ ఇరవై ఏడో నంబరుకు ఎదురుగా "నాన్ రియాక్టివ్" అని రాసేసి లేచింది. జబ్బు లేదని అర్థం.

మర్నాడు బుధవారం పదకొండు గంటలకు ఆ ఇరవై ఏడో నంబరు మనిషి రిపోర్టు కోసం వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. అయిదో నెల, తొలిచూలు. ఒక పెద్ద లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని. నిన్న రక్తం తీస్తున్నప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, అయిపోయాక కూడా తెరవకుండా, "ఇంకా పొడవలేదా అక్కా?" అని అడిగి అందర్నీ నవ్వించింది. అందుకే సూదక్కకు గుర్తుంది.

"తొందరగా ఇచ్చెయ్ అక్కా. రేపు పొద్దున తొమ్మిదింటి బస్సుకు ఊరు మారిపోతున్నాం. మా ఆయన టైల్స్ పరుస్తాడు. ఇక్కడ పని అయిపోయింది. ఇంకోచోట పెద్ద బిల్డింగు దొరికింది. సర్దుకోవాలి, బోలెడు పని."

"మరి అక్కడ డాక్టరుకు చూపించుకుంటావా?"

"చూపించుకుంటాలే. అన్నీ బాగున్నాయిగా?" అంటూ రిపోర్టు కోసం చెయ్యి చాపింది.

నిన్న పిడికిలి బిగించి ఉన్న ఆ అరచేతిలో రాగిరంగు మచ్చలున్నాయి. శనగగింజంత, కొన్ని కాస్త పెద్దవి. నీళ్ళలో నాని తెల్లబడిన చర్మం మీద అవి స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఇవేంటమ్మా?"

"కొత్త సబ్బు పడలేదక్కా. గ్లౌజులు అడిగితే మా సూపర్‌వైజరు, చేతులు మీవే కదా, మీరే కొనుక్కోండి అంటాడు. వాడి నోట్లో ఆ సబ్బు పెట్టి కడగాలి."

"దురద ఎక్కువా?"

"దురదా లేదు, మంటా లేదు. అదే విచిత్రం," అని నవ్వి, సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

వెనక ఇంకా ఆరుగురున్నారు. సూదక్క వాళ్ళ రిపోర్టులు ఇచ్చింది. ఆరో మనిషి కాగితం మడిచి ఇస్తుండగా చెయ్యి అలాగే ఆగిపోయింది. దురద లేదు! సబ్బు పడకపోతే మనిషి గోక్కుని గోక్కుని చచ్చిపోవాలి. దురద లేకుండా అరచేతిలో రాగి మచ్చలు వస్తాయంటే... ఎప్పుడో చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూసిన బొమ్మ కళ్ళముందు కదిలింది. దాని కింద రాసి ఉన్న పేరు సిఫిలిస్.

ఆ బొమ్మతో పాటు ఇంకో పాఠం కూడా గుర్తొచ్చింది. రక్తంలో ఆ జబ్బు గుర్తులు మరీ ఎక్కువగా ఉంటే, ఈ పరీక్ష ఒక్కోసారి బోల్తా కొడుతుంది. మనుషుల గుంపు లాంటిదే ఇదీ. ఒకరి చెయ్యి ఇద్దరు ముగ్గురు పట్టుకుంటేనే గుంపు అవుతుంది. అందరి చేతులూ ముందే నిండిపోయి ఉంటే ఎవరు ఎవర్ని పట్టుకుంటారు? జబ్బు దండిగా ఉండీ వలయం నున్నగానే కనిపిస్తుంది. అలాంటి అనుమానం వస్తే రక్తపు నీటిని పలచన చేసి మళ్ళీ చూడాలి. చదివింది, పరీక్షలో రాసింది, మార్కులూ తెచ్చుకుంది. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ చేసే అవసరం రాలేదు. రాలేదో, వచ్చినా తనే చూసుకోలేదో.

కిటికీ తలుపు వేసేసింది. బయట ఎవరో గొణిగారు. ఫ్రిజ్‌లోంచి ఇరవై ఏడో గొట్టం తీసింది. ఒకటికి రెండు, ఒకటికి నాలుగు, ఎనిమిది, పదహారు అంటూ పలచన చేసుకుంటూ వరసగా వలయాల్లో వేసింది. యంత్రం ఆన్ చేసింది. ఎనిమిది నిమిషాలు కూర్చోలేకపోయింది. గోడ దగ్గరికీ బల్ల దగ్గరికీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. దేవుడా, నాకు పిచ్చి అనుమానం అని తేల్చెయ్యి, నా మీద నేనే నవ్వుకుంటాను అనుకుంది.

యంత్రం ఆగింది. పలచన చెయ్యని మొదటి వలయం మళ్ళీ ఆ గరుకే. రెండోది కాస్త అనుమానం. నాలుగు దగ్గర గుంపులు. పదహారు దగ్గర నల్లటి గడ్డలు, చూపు ఆనని వాళ్ళకైనా కనిపించేటట్టు. ఇంకా పలచన చేసుకుంటూ పోతే నూట ఇరవై ఎనిమిది దగ్గర గానీ గుంపులు ఆగలేదు. రూఢి చేసుకోవడానికి ఇంకో రకం పట్టీ పరీక్ష కూడా చేసింది. పట్టీ మీద రెండు గీతలు తేలాయి. సందేహం లేదు.

లోపలి గదిలో ల్యాబు ఇన్‌చార్జి ఉన్నాడు. పెద్దసారు అంటారు. ఇంకో మూడు వారాల్లో రిటైరవుతాడు. సూదక్కకు పని నేర్పింది ఆయనే. అట్ట ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"రిపోర్టు వెళ్ళిపోయిందా?"

"గంట అయింది."

"నా సంతకంతోనే?"

"మీదీ, నాదీ."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "వచ్చే నెల ఎలాగూ మళ్ళీ వస్తుంది కదమ్మా. అప్పుడు మళ్ళీ రక్తం తీసి, ఇప్పుడే బయటపడిందని..." అన్నాడు.

"రేపు ఊరు మారిపోతోంది సార్. ఇంక రాదు."

"నువ్వు ఈ తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఇన్నేళ్ళలో ఇలాంటివి ఎన్ని వదిలేశామో అని అడుగుతారు. ఏం చెప్తాం?"

ఆ ప్రశ్న సూదక్క అప్పటికే తనకు తానే వేసుకుంది. "ఏం చెప్పాలో తర్వాత చూద్దాం. ముందు ఆ పిల్ల బస్సెక్కకూడదు," అని అట్ట తీసుకుని గర్భిణీలను చూసే డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అట్టను చూసి, "అయిదో నెలంటే టైముంది. ఈ వారం ఇంజెక్షన్ పడితే బిడ్డ చాలావరకు గట్టెక్కుతుంది," అంది. "ఎలాగైనా రప్పించు. కానీ జబ్బు పేరు నువ్వు చెప్పకు. ఆ అమ్మాయికి నేను చెప్తాను, ఒంటరిగా. మొగుడికీ, ఇంట్లోవాళ్ళకీ ఒక్క మాట పొక్కకూడదు. పొక్కితే ముందు ఆ పిల్ల మీదే పడతారు."

ఫారం మీద ఉన్న ఫోను నంబరుకు చేసింది. మగగొంతు పలికింది.

"ఆస్పత్రి ల్యాబు నుంచండీ. మీ ఆవిడకు ఇస్తారా?"

"పనికెళ్ళింది. నాకు చెప్పండి, నేను మొగుణ్ణే."

"రక్తం ఇంకోసారి తియ్యాలండీ. ఇవాళ గానీ, రేపు పొద్దున్నే గానీ పంపించండి."

"నిన్నే తీశారుగా గొట్టాలు గొట్టాలు! తిండి మేం పెట్టాలి, రక్తం మీరు తోడుకోవాలా? అసలేమైంది?"

"ఏం కాలేదండీ, శాంపిలు... మళ్ళీ చూడాలి, అంతే."

"ఏం కాకపోతే ఎందుకు మరి? రేపు మాకు ప్రయాణం. కుదరదు." పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

సూదక్క తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించి, పెద్దసారుతో, "వెళ్ళొస్తాను," అంది. ఆయన ఎక్కడికని అడగలేదు. కిటికీ దగ్గర ఊగే స్టూలు మీద తనే వచ్చి కూర్చున్నాడు.

లాండ్రీలో అడుగుపెడితే ముఖం మీద వేడి నీళ్ళ గుడ్డ వేసినట్టయింది. రెండు వరసల యంత్రాలు, వాటి మధ్య తడి దుప్పట్ల గుట్టలు, ఒకరి మాట ఒకరికి వినపడని మోత. ఇస్త్రీ చేస్తున్న ఒకావిడ చెవి దగ్గర నోరు పెట్టి అడిగితే, "ఇవాళ్టితో మానేసిందిగా! పొద్దున వచ్చి అందరికీ చెప్పి వెళ్ళిపోయింది," అని అరిచి చెప్పింది. ఇల్లెక్కడంటే ఇస్త్రీ పెట్టె గాల్లోనే తిప్పి దారి చూపించింది. మూడు వీధుల అవతల, సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద, రెండో అంతస్తు.

సూదక్క ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ ఎక్కింది. అలసట కాదు. అందరి నరాలూ ఒక్క పోటుకు దొరికించుకునే తనకు, ఈ ఒక్క మాట ఎక్కణ్ణించి మొదలెట్టాలో దొరకటం లేదు.

తలుపు తీసింది లావుపాటి ఒకావిడ. నలభై దాటి ఉంటుంది. నోట్లో పిన్నీసు, చేతిలో సగం కట్టిన మూట. మొగుడికి అక్క, అంటే ఆ పిల్లకు వదిన. ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉంటారు.

"ఆస్పత్రి నుంచా? మీరేనా ఇందాక ఫోన్ చేసింది? మా తమ్ముడు చెప్పాడు. మాకు తెలియకుండా ఏంటండీ ఈ రక్తాల గొడవ?"

"ఒక్క అయిదు నిమిషాలు ఆ అమ్మాయితో మాట్లాడాలమ్మా."

"మాట్లాడండి. నేనేం వద్దన్నానా? నా ముందే కానివ్వండి."

లోపల్నుంచి ఆ పిల్ల తొంగిచూసింది. సూదక్కను చూడగానే నవ్వింది. ఆవిడ ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. "వదినా, మేడ మీద బట్టలు తీసుకొస్తాం," అని తనే చెప్పులేసుకుని మెట్లవైపు నడిచింది.

మేడ మీద ఎండ మండిపోతోంది. తీగ మీద ఆరేసినవి రెండే చొక్కాలు. ఆ పిల్ల వాటిని ముట్టుకోలేదు.

"బిడ్డకేమన్నా అయిందా అక్కా?"

"ఏం కాలేదు. కాకూడదనే వచ్చాను." దారి పొడుగునా సూదక్క కూడబెట్టుకున్న మాటలన్నీ ఆవిరైపోయాయి. "నేను పొరపాటు చేశాను తల్లీ. నీ రిపోర్టులో ఒక పరీక్ష తప్పు రాశాను. లేదని రాశాను. ఉంది."

"ఏముంది?"

"దాని పేరు డాక్టరమ్మ చెప్తారు. నా నోటితో చెప్పకూడదు. మందుంది. గట్టి మందు, నమ్మకమైన మందు. కానీ ఇప్పుడే పడాలి. రేపు బస్సెక్కితే ఆలస్యమైపోతుంది."

"కాన్సరా?"

"ఛ ఛ, కాదు. నీ మీద ఒట్టు."

ఆ పిల్ల తన అరచేతులు తిప్పి చూసుకుంది. "ఇవేనా?" అంది. సూదక్క తల ఊపింది. "కాళ్ళ కింద కూడా ఉన్నాయి," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "ఎవరికీ చెప్పలేదు."

కింద సైకిల్ కొట్టులో ఎవరో చక్రం తిప్పుతున్నారు.

"మీరు రాకపోతే నాకు తెలిసేదే కాదు కదా?"

"తెలిసేది కాదు."

"మరి ఎందుకొచ్చారు? మీ తప్పు మీరే చెప్పుకోవడానికి?"

సూదక్క తీగ మీది చొక్కాలు తీసి ఆ పిల్ల చేతికిచ్చింది. "రేపు ఎనిమిదింటికి నేను ఆస్పత్రి గేటు దగ్గరే ఉంటాను," అంది.

కిందికి దిగుతుంటే వదిన మెట్ల మలుపులో నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. సూదక్క తల వంచుకుని దిగిపోయింది.

మర్నాడు ఏడున్నరకే సూదక్క గేటు దగ్గర నిలబడింది. ఎనిమిదయింది. ఎనిమిదింబావు. ఆటో ఆగిన ప్రతిసారీ మెడ సాచింది. ఎనిమిదిన్నరకు, నిన్ననే పేరు చెప్పేసి ఉండాల్సింది, భయపడి అయినా వచ్చేది అనుకుంది. మళ్ళీ, భయపడి ఎటైనా పారిపోయేదేమో అనుకుంది. తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్సు కదిలే వేళయింది.

అప్పుడు రోడ్డు అవతల ముగ్గురు కనిపించారు. ముందు వదిన, వెనక ఆ పిల్ల, దూరంగా ముఖం గంటు పెట్టుకుని మొగుడు, భుజాన ప్రయాణపు సంచీతోనే.

వదిన సూదక్క దగ్గరికొచ్చి ఆయాసపడుతూ అంది. "బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి తిప్పానండీ. వీడు రానంటాడు, పని పోతుందంటాడు. బస్సు రేపూ వస్తుందిరా వెధవా అన్నాను. నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఏ ఆస్పత్రి మనిషీ మా ఇల్లు వెతుక్కుంటూ రాలేదు. మనిషి వెతుక్కుంటూ వచ్చిందంటే ఊరికే రాదు అని చెప్పాను."

సూదక్క ఆవిడ చెయ్యి పట్టుకోబోయి, ఆగి, మళ్ళీ పట్టుకుంది.

డాక్టరమ్మ ఆ పిల్లను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. పావుగంట తర్వాత తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది గానీ ఏడవలేదు. సూదక్కను చూసి అంది. "దీన్నేనా అక్కా సుఖవ్యాధి అంటారు? ఎవరికి సుఖం?" కొంచెం ఆగి, "నేనేం చెయ్యలేదు," అంది.

"నిన్నెవరూ అడగలేదు తల్లీ."

"అడుగుతారు. అందుకే ఆయనకు కూడా డాక్టరమ్మనే చెప్పమన్నాను. నేను చెప్తే అబద్ధం అంటాడు."

మొగుణ్ణి లోపలికి పిలిచారు. మొదట గట్టిగా గొంతు వినిపించింది, "నా మీదా?" అని. తర్వాత డాక్టరమ్మ గొంతు. తర్వాత ఎవరి గొంతూ వినపడలేదు. అతను బయటికొచ్చేసరికి సంచీ భుజం మీంచి జారి మోచేతికి వేలాడుతోంది, చూసుకోలేదు. అయిదారు నెలల కింద ఎక్కడో పనికెళ్ళినప్పుడు తనకు పుండు లేచిందనీ, నొప్పి లేదనీ, మందుల షాపువాడిచ్చిన మలాం రాస్తే మానిపోయిందనీ ఒప్పుకున్నాడు. మానిపోయిందనుకున్నది లోపలికి పోయిందని అతనికి తెలియదు.

అతని రక్తమూ సూదక్కే తీసింది. ఆ రోజు మాత్రం చెయ్యి తప్పింది. రెండోసారికి గానీ నరం దొరకలేదు. అతను నోరెత్తలేదు. ఈసారి మామూలుగానూ, పలచన చేసీ చూసింది. ఉంది.

భార్యకూ భర్తకూ ఇంజెక్షన్లు పడ్డాయి. "వారం తర్వాత ఆ అమ్మాయికి ఇంకోటి," అంది డాక్టరమ్మ. "ఒకమాట ముందే చెప్తున్నాను. ఈ మందు పడిన కొన్ని గంటలకు చలిజ్వరం రావచ్చు. జబ్బు చస్తూ చేసే గొడవ అది. సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి."

రెండింటికి జ్వరం వచ్చింది. ముందే చెప్పినా, వచ్చేసరికి ఎవరికీ ఆ మాట గుర్తులేదు. ఆ పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగలేదు. పొట్ట పట్టుకుని, "కదలటం లేదు వదినా, పొద్దున్నుంచీ కదలలేదు," అంది. వదిన దుప్పటి కొస నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. మొగుడు మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. ముందుకు వస్తే ఏమంటుందోనని భయం, వెనక్కి పోతే ఏమనుకుంటారోనని భయం.

సూదక్క డాక్టరమ్మను పరుగున పిలుచుకొచ్చింది. పొట్ట మీద యంత్రం ఆనించారు. గరగర శబ్దం. ఇంకో పక్కన ఆనించారు. గరగర. సూదక్క మనసులో లెక్కపెట్టడం మొదలెట్టింది, ఎందుకో తెలియదు. పదిహేడు దగ్గర, గరగరల వెనకాల ఎక్కడో టకటక, టకటక, టకటక అని వినిపించింది. గుర్రం దౌడు తీస్తున్నట్టు.

"ఇదుగో, వినపడిందా?" అంది డాక్టరమ్మ. "మీరంతా కంగారుపడుతుంటే లోపల తీరిగ్గా పడుకుంది."

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. చీకటిపడే వేళకు జ్వరం దిగింది.

శుక్రవారం పొద్దున్నే సూదక్క పెద్దసారు బల్ల మీద కాగితం పెట్టింది. ఆస్పత్రి సూపరింటెండెంటుకు రాసిన లెటరు. తను ఏం రాసింది, ఎందుకు తప్పు, ఎలా తెలిసింది, అంతా ఉంది. ఇక మీదట వలయం ఏమాత్రం గరుకుగా ఉన్నా, మనిషి ఒంటి మీద మచ్చలున్నా పలచన చేసే చూడాలని చివర్లో రాసింది.

ఆయన రెండుసార్లు చదివాడు. "ఒక్క సంతకమే ఉందేం?"

"తప్పు నాది సార్."

"రిపోర్టు మీద రెండున్నాయి," అని పెన్ను తీశాడు. సూదక్క సంతకం కిందనే తనదీ పెట్టాడు. "నీకు ఈ సంగతి నేను నేర్పలేదు. నాకు తెలుసు, మర్చిపోయాను. తెలియనివాడికన్నా మర్చిపోయినవాడు పెద్ద దోషి."

ఫ్రిజ్‌లో వారం రోజుల గొట్టాలే ఉంటాయి. ఆ భార్యాభర్తలవి పోను ఎనభై ఎనిమిది. ఇద్దరూ కూర్చుని ఒక్కోటీ పలచన చేసి చూశారు. రెండు రోజులు పట్టింది. యంత్రం ఆగిన ప్రతిసారీ సూదక్క అట్టను వెలుతురుకు వంచి చూసేది. ఎనభై ఎనిమిదీ నున్నగానే ఉన్నాయి. అంతకు ముందువాళ్ళ రక్తం లేదు. డాక్టరమ్మ పాత కేసు కాగితాలు తిరగేసి, మచ్చలని రాసి ఉన్న తొమ్మిది మందికి కబురు పెట్టింది. ఎనిమిది మంది వచ్చారు, ఎనిమిది మందికీ ఏమీ లేదు. తొమ్మిదో ఆవిడ ఫోను నంబరు ఇప్పుడు లేదని వస్తోంది. ఇల్లు మారిపోయారన్నారు. సూదక్క ఆ ఇంటికీ వెళ్ళింది. పక్కింటివాళ్ళకూ తెలియదు. ఆ ఒక్క పేరు ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది.

సూపరింటెండెంటు ఇద్దర్నీ పిలిచి మందలించాడు. తర్వాత ఆ లెటరు చివరి మాటలను టైపు చేయించి ల్యాబు గోడకు అంటించమన్నాడు. పెద్దసారు రిటైరైన రోజున సూదక్క దండ వేయబోతే, "దానికేం గానీ, ఆ కాగితం ఊడిపోకుండా చూసుకో అమ్మాయ్," అన్నాడు.

లాండ్రీ పిల్ల ఆ ఊరు వదల్లేదు. మొగుడు ఒక్కడే వెళ్ళి కొత్త బిల్డింగులో పని చేసుకుంటూ, ఆదివారాలు వచ్చిపోయేవాడు. ఆ పిల్లకు తోడుగా వదిన ఉండిపోయింది. నెలనెలా రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు సూదక్క ఒకసారి ఉండబట్టలేక, "ఆయనతో మాట్లాడుతున్నావా?" అని అడిగింది.

"అవసరమైనంత," అంది ఆ పిల్ల.

ఆ పిల్ల రక్తంలో గుంపులు కట్టే లెక్క నూట ఇరవై ఎనిమిది కాస్తా ముప్పై రెండయింది, పదహారయింది, నెలలు నిండేసరికి ఎనిమిదికి దిగింది. అరచేతుల మచ్చలు ఆనవాలు లేకుండా పోయాయి. ఆడపిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే వార్డంతా దద్దరిల్లేలా ఏడిచింది. "మేనత్త గొంతే," అంది వదిన గర్వంగా.

చంటిదాని రక్తంలో నాలుగు దగ్గర దాకా గుంపులు కట్టాయి. సూదక్క అట్ట పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. "తల్లి దగ్గర్నుంచి వచ్చిన గుర్తులై ఉంటాయి, తల్లికన్నా తక్కువే కదా," అంది డాక్టరమ్మ. "నిజంగా జబ్బయితే పెరుగుతుంది. కాకపోతే దానంతటదే కరిగిపోతుంది. చూస్తూ ఉండాలి." చూస్తూ ఉండడమంటే ఏమిటో ఆ ఆరు నెలలూ ఆ ఇంట్లో ముగ్గురికీ, ల్యాబులో ఒకరికీ తెలిసొచ్చింది. మూడో నెలలో నాలుగు ఒకటైంది, అంటే పలచన చేస్తే గుంపుల్లేవు.

ఆరో నెల నిండాక వచ్చారు. మొగుడు కూడా వచ్చాడు, వరండాలో నిలబడ్డాడు. సూదక్క రిపోర్టు చేతిలో పెట్టింది. నాన్ రియాక్టివ్. ఆ పిల్ల దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని అక్షరం అక్షరం చదివింది. ఒకప్పుడు అదే మాట తనకు అబద్ధం చెప్పింది కదా.

"పలచన చేసి కూడా చూశారా అక్కా?"

"అన్ని రకాలుగానూ చూశాను. కొత్తగా వచ్చిన ఇన్‌చార్జి చేత కూడా చూపించాను. లేదు."

ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. వరండా వైపు తిరిగి, "లేదంట," అని చెప్పింది. అతను అక్కడే బెంచీ మీద కూలబడి, ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆ పిల్ల కాసేపు చూసి, వెళ్ళి ఆ బెంచీ మీదే కూర్చుంది. మరీ దగ్గరగా కాదు.

ఈలోగా చంటిది వదిన చంకలోంచి వంగి, రిపోర్టు లాక్కుని నోట్లో పెట్టేసుకుంది. లాగేసరికి ఒక మూల ముద్ద అయిపోయింది.

"అయ్యో, సంతకం తినేసింది!" అంది వదిన. "ఇంకోటి ఇస్తారా అమ్మా?"

"ఇస్తాను," అని సూదక్క లోపలికి వెళ్ళింది.